సెల్ఫ్ తిరుగుతుంది, బండి అంటుకోదు

తమ్ముడూ, సెల్ఫ్ కొడితే ఇంజన్ గిరగిరా తిరుగుతా ఉంది గానీ స్టార్ట్ కావడం లేదు, కొత్త బ్యాటరీ వేయించేదా అని అడిగావు. వద్దబ్బా. అమెరికాకు వచ్చిన మొదటేడు మేమంతా చేసిన తప్పే అది. నేను బ్యాటరీ, స్టార్టర్ మోటారు, ప్లగ్గులు వరసబెట్టి కొన్నాను. పాతవి మూడూ బాగానే ఉన్నాయి, పోయింది అరచేతిలో పట్టే ఒక రిలే, అంటే కరెంటును కలిపి విడదీసే చిన్న స్విచ్చు. బిగించిన ఎలక్ట్రికల్ సామాను చాలా షాపుల్లో వాపసు తీసుకోరు. డాలరంటే 80 రూపాయల పైమాటే, నువ్వే లెక్కేసుకో.

తోసి చూసేదా అనీ అడిగావు. కడపలో పాత జీపుకు రెండో గేరు వేసి, నలుగురు తోసి, క్లచ్ వదిలితే అంటుకునేది. తోయడమంటే సెల్ఫ్ చేయాల్సిన పని మనం చేయడం. నీ సెల్ఫ్ దాని పని అది చేస్తోంది కదా! పైగా నీది ఆటోమేటిక్, తోస్తే చక్రాలు తిరుగుతాయే గానీ ఇంజన్ తిరగదు.

ముందు శబ్దం విను. ఈడుస్తూ తిరిగితే బ్యాటరీ నీరసం. మీటరు పెడితే ఆగి ఉన్నప్పుడు 12.6 వోల్టులు, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6కు తగ్గకుండా ఉండాలి. ఎప్పటికన్నా తేలిగ్గా, ఎక్కడా బరువు లేనట్టు తిరిగితే పిస్టన్లనూ వాల్వులనూ ఒక లయలో నడిపే టైమింగ్ బెల్టు తెగి ఉండొచ్చు. ఆ అనుమానం వస్తే ఇక సెల్ఫ్ కొట్టొద్దు, కొన్ని ఇంజన్లలో పిస్టన్లు వాల్వులను కొట్టి వంచేస్తాయి. బాగా తిరుగుతున్నా ఒకసారికి 10 సెకన్లు మించనీయకు, రెండు నిమిషాలు ఆగు. లేకుంటే మంచి స్టార్టర్ కూడా కాలిపోతుంది.

డాష్‌బోర్డులో తాళం గుర్తు దీపం ఆగకుండా మినుకుతుంటే తాళాన్ని బండి గుర్తుపట్టలేదు. రెండో తాళంతో చూడు.

ఇప్పుడు పెట్రోలు. ట్యాంకు ముల్లును నమ్మకుండా ఒక గ్యాలన్ పోయి. రేడియో ఆపి, సెల్ఫ్ కొట్టకుండా కీ ఆన్‌లో పెట్టు. చాలా బండ్లలో వెనక సీటు కింద నుంచి రెండు సెకన్లు గుయ్యిమని పంపు మోగుతుంది. మోగలేదంటే ఫ్యూజు చూడు, తర్వాత పంపు రిలే పీకి, అదే నంబరున్న హారన్ రిలే ఆ చోట పెట్టు. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. అప్పుడూ మోగకపోతే ఒకరు సెల్ఫ్ కొడుతుండగా ట్యాంకు అడుగున రబ్బరు సుత్తితో మెల్లగా తట్టు. అంటుకుందా, పంపు పోయే దశలో ఉంది. మోగినంత మాత్రాన ప్రెషర్ ఉన్నట్టు కాదు. కొన్ని షాపులు డిపాజిట్ కట్టించుకుని ప్రెషర్ కొలిచే గేజి ఇస్తాయి, తిరిగిస్తే డబ్బు వెనక్కి వస్తుంది. మామూలు ఇంజెక్షన్ బండ్లలో ప్రెషర్ 40 నుంచి 60 పీఎస్‌ఐ (ప్రెషర్‌ను కొలిచే లెక్క) ఉంటుంది, నీ మోడల్‌కు ఎంతో మాన్యువల్‌లో చూసుకో.

పెట్రోలు బాగుంటే స్పార్క్. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆర్‌పీఎం ముల్లు కాస్తన్నా కదలాలి. సున్నా మీదే పడి ఉంటే క్రాంక్ షాఫ్ట్ సెన్సర్ మీద అనుమానం. అది చెప్పకపోతే పిస్టన్ ఎక్కడుందో కంప్యూటర్‌కు తెలియదు, స్పార్కూ ఇవ్వదు, పెట్రోలూ చిమ్మదు. వేడెక్కితే ఆగి, చల్లారాక స్టార్ట్ అయ్యే బండికి ఇదే జబ్బు ఎక్కువ. కొన్ని బండ్లలో అన్నీ బాగున్నా ముల్లు కదలదు, కాబట్టి బండి కంప్యూటర్ దాచుకున్న లోపం కోడ్ చదువు. ఇక్కడ 1996 మోడల్ నుంచి పెట్రోలు కార్లన్నిటికీ స్టీరింగ్ కింద ఆ కోడ్ చదవడానికి ఓబీడీ అనే ప్లగ్గు ఉంటుంది, దానికి తగిలించే 20 డాలర్ల రీడర్ చాలు. పీ0335 వస్తే ఆ సెన్సర్, లేదా దాని వైరు. ముందు వైరే చూడు, చౌక. ప్లగ్గు వైరు చేత్తో పట్టుకుని స్పార్క్ చూడటం మన షెడ్లలో చూసి ఉంటావు, ఇక్కడ అది చేయొద్దు. స్పార్క్ టెస్టర్ కొను.

మంచు తీయడానికి బండిని పదడుగులు జరిపి వెంటనే ఆపావా? కొత్తగా వచ్చినవాళ్లందరూ చేసేదే. చల్లటి ఇంజన్‌కు పెట్రోలు ఎక్కువ పోతుంది, వేడెక్కకముందే ఆపితే ప్లగ్గులు తడిసిపోతాయి. యాక్సిలరేటర్ అడుగుదాకా తొక్కి పట్టి 5, 6 సెకన్లు సెల్ఫ్ కొట్టు. చాలా బండ్లు అప్పుడు పెట్రోలు ఆపేసి గాలే లాగుతాయి. అంటుకోగానే కాలు తీసెయ్.

ఇవేవీ తేలకపోతే మెకానిక్. టోయింగ్ నీ ఇన్సూరెన్సులో ఉందేమో ముందు చూడు. రోడ్డు మీద బండి వదలాల్సి వస్తే మీ ఊరి నియమాలు చూసుకో. షాపులో ‘స్టార్ట్ కావడం లేదు’ అని ఊరుకోకు. ‘పంపు మోగుతోంది, స్పార్క్ ఉంది, ప్రెషర్ 20 కూడా లేదు’ అని చెప్పు, ఆ మేరకు వాళ్లు వెతికే గంటలు తగ్గుతాయి.

పదేసి డాలర్ల పెట్రోలు పోయించుకుని తిరిగే అలవాటు నీకూ ఉండే ఉంటుంది. పావు ట్యాంకు కిందికి దిగనీయకు. పంపు ట్యాంకు లోపలే ఉంటుంది, దాన్ని చల్లబరిచేది ఆ పెట్రోలే. అది కాలిపోతే చాలా బండ్లకు ట్యాంకే దించాలి, పంపు ఖరీదు ఒకెత్తు, ఆ కూలి ఒకెత్తు.