తలుపు దగ్గరి కుర్చీ

అబ్బాయ్,

మొన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి అప్పటికప్పుడు ఏదో చెప్పి పెట్టేశాను గానీ తర్వాత మనసొప్పలేదు, అందుకే కూర్చుని రాస్తున్నా. తాగుడూ మత్తుమందులూ మానాలని చూస్తున్నవాళ్లు, పెద్ద దెబ్బ ఏదో తిని ఇంకా తేరుకోనివాళ్లు వారానికోసారి కలిసి కూర్చునే చోటు ఒకటి పెడతానన్నావు. మంచి పనే. కానీ నువ్వడిగినవన్నీ మొదటివారం ఎవరిచేత మాట్లాడించాలి, ఏం పేరు పెట్టాలి, బ్యానర్ కట్టించాలా అనే. ఇవేవీ అక్కర్లేదు. ఒక గది, వారంలో ఒక రోజు, ఒక టైము, ఆ టైముకి వానొచ్చినా పండగొచ్చినా తాళం తీసే మనిషి ఉంటే చాలు. బ్యానర్ మాత్రం వద్దంటే వద్దు, లోపలికొచ్చేవాడు ఎందుకొస్తున్నాడో వీధి మొత్తానికీ దండోరా వేసినట్టుంటుంది.

నేను మానేసి 22 ఏళ్లయింది, ఇలాంటి గదిలో కుర్చీలు వెయ్యడం మొదలుపెట్టి 18 ఏళ్లు. అందులో మొదటి రెండేళ్లు చేసినవన్నీ తప్పులే, నీకు పనికొచ్చేవీ అవే.

ముందు కుర్చీల సంగతి. గుండ్రంగా వేస్తావు కదా, తలుపు దగ్గర ఒకటి, గోడకి వీపు ఆనేలా రెండు విడిగా ఉంచు. దెబ్బ తిన్న మనిషి గదిలోకి రాగానే మొదట చూసేది బయటికెళ్లే దారి ఎటుందనే, వెనక ఎవరైనా తిరుగుతుంటే ఇక మాట చెవికెక్కదు. ఒకామె (ఆనవాళ్లు మార్చే చెబుతున్నాలే) ఆర్నెల్లు ఆ తలుపు దగ్గరి కుర్చీలోనే కూర్చుంది, చెప్పులు విడవకుండా, బ్యాగు ఒళ్లో పెట్టుకుని, జిప్పు మీద వేలు ఆడిస్తూ. ఒక్కముక్క మాట్లాడలేదు. మాట్లాడమని ఎవరూ అడగలేదు కూడా. ఏడో నెలలో ఒకరోజు ఆ బ్యాగు తీసి కింద పెట్టింది. ఆ రోజు మిగతావాళ్లు ఏం చెప్పుకున్నారో నాకిప్పుడు ఒక్కటీ గుర్తులేదు.

ఇది నేర్చుకోడానికి ముందు ఒకడి విషయంలో ఘోరమైన పొరపాటు చేశాను. కొత్తగా వచ్చాడు, రెండోవారమే ‘చెప్పు బాబూ, లోపలున్నది కక్కేస్తే తేలికపడతావు’ అని బతిమాలి బామాలి చెప్పించాను. చిన్నప్పుడు ఇంట్లో జరిగిందంతా చెప్పాడు, గది మొత్తం ఏడ్చింది, నేనేదో ఘనకార్యం చేసినట్టు పొంగిపోయాను. అతను అటునుంచి అటే వెళ్లి తాగాడు, మూడు వారాలు పత్తా లేడు. పుండు మీద పక్కు లాగి, పట్టీ కూడా వెయ్యకుండా పంపేశానన్నమాట. పెద్ద పెద్దవాళ్లే ఈ పొరపాటు చేశారని తర్వాత తెలిసింది. 1980ల్లో, 90ల్లో ఏ ప్రమాదం జరిగినా బతికి బయటపడ్డవాళ్లని వెంటనే కూర్చోబెట్టి జరిగింది జరిగినట్టు ఒక్కసారి చెప్పించడం చాలాచోట్ల ఒక పద్ధతిగా నడిచింది. ఆ తర్వాత పరిశోధనలన్నీ కలిపి చూస్తే దానివల్ల పీటీఎస్‌డీ (పెద్ద దెబ్బ తిన్నాక పీడకలలూ ఉలికిపాటూ వెంటాడే మానసిక జబ్బు) రాకుండా ఆగిందేమీ లేదని, కొందరికైతే ఎక్కువయిందని తేలింది. గతాన్ని తవ్వడం శిక్షణ ఉన్న థెరపిస్టు పని, అదీ మనిషి కాస్త నిలదొక్కుకున్నాక. నీ గదిలో ఈ వారం ఎలా గడిచింది, వచ్చేవారం ఎలా గడుపుదాం, ఇంతే. ఎవరైనా వాళ్లంతట వాళ్లే చెబుతుంటే ఆపకు. కానీ గొంతు వణుకుతూ స్పీడు పెరిగిపోతుంటే ‘ఇక్కడ కాసేపు ఆగుదామా, నీళ్లు తాగుతావా’ అను. చివర్లో అతన్ని ఒంటరిగా మాత్రం పంపించకు.

తాగుడుకీ ఆ పాత దెబ్బలకీ సంబంధమేంటని నీకు అనుమానం ఉన్నట్టుంది. 1998లో అమెరికాలో ఫెలిట్టీ, అండా అనే డాక్టర్లూ వాళ్ల బృందమూ ఒక అధ్యయనం అచ్చువేశారు. చిన్నతనంలో కొట్టడం, లైంగిక హింస, ఇంట్లో తాగుబోతుతనం, తల్లిని కొట్టడం చూడటం లాంటివి ఏడు రకాలుగా లెక్కగట్టి అడిగారు, 9,508 మంది జవాబిచ్చారు. నాలుగో అంతకన్నా ఎక్కువో రకాలు చూసినవాళ్లకి తాగుడు, మత్తుమందులు, డిప్రెషన్, ఆత్మహత్యా ప్రయత్నం లాంటి ముప్పులు, అవేవీ చూడనివాళ్లకంటే 4 నుంచి 12 రెట్లు ఎక్కువున్నాయి. అలా పెరిగిన ప్రతివాడూ తాగుతాడని కాదు. అయితే తాగేవాణ్ని చూసి ‘వీడికేం తక్కువైంది’ అనే ముందు ఆ సీసా వాడికి ఏ నొప్పికి మందుగా పనికొచ్చిందో అని ఒకసారి ఆలోచించాలి, అంతే.

ఇప్పుడు చెప్పబోయేది ప్రాణాల మీదికొచ్చే సంగతి, జాగ్రత్తగా చదువు. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగేవాణ్ని ‘ఈ క్షణం నుంచే మానెయ్, ఒట్టెయ్’ అని ఎప్పుడూ అనకు. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, ఎక్కువగా చివరి గ్లాసు తర్వాత ఆరు నుంచి 48 గంటల లోపు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి ఒళ్లంతా వణుకు, జ్వరం, లేనివి కనిపించడం, ఎక్కడున్నాడో తెలియకపోవడం మొదలవుతుంది, వైద్యం అందకపోతే మనిషి పోవచ్చు. నిద్రమాత్రలకి అలవాటుపడ్డవాళ్లదీ ఇదే కథ. అందుకే ముందు డాక్టరు, తర్వాతే మన గది. నాకు ఆస్పత్రిలో మొదట ఇచ్చింది విటమిన్ బి1 ఇంజెక్షను, తాగి తాగి ఒంట్లో అది అయిపోతుందట, లేకపోతే మెదడు దెబ్బతింటుందని అప్పటిదాకా నాకు తెలీదు. ఇక హెరాయిన్ లాంటి ఓపియాయిడ్లు వాడినవాళ్ల ప్రమాదం వేరు. కొన్నాళ్లు మానేసి వచ్చినవాడు పాత లెక్కలోనే తీసుకుంటే ఒళ్లు తట్టుకోలేదు, చికిత్స కేంద్రం నుంచో జైలు నుంచో బయటికొచ్చిన మొదటి వారాల్లోనే ఎక్కువమంది అలా పోతారు. ఈ మాట వాళ్లకీ ఇంట్లోవాళ్లకీ మొహం మీదే చెప్పు, మొహమాటపడకు. అలాంటప్పుడు ఊపిరి తిరిగి తెప్పించే మందు నలోక్సోన్, అది మీకు దొరుకుతుందేమో, ఎలా వాడాలో డాక్టర్నడిగి నేర్చుకో.

మందుల గురించి నీ గదిలో కచ్చితంగా గొడవొస్తుంది. ఎవడో ఒకడు లేచి ‘మాత్రలు మింగుతూ మానడం కూడా ఒక మానడమేనా’ అంటాడు. అక్కడే ఆపు. తాగాలనే యావ తగ్గించడానికి నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ ఉన్నాయి, ఓపియాయిడ్లకి బ్యూప్రెనార్ఫిన్, మెథడోన్ ఉన్నాయి, ఈ చివరి రెండూ వాడుతున్నంతకాలం చావు ముప్పు బాగా తగ్గుతుంది. షుగరు మాత్ర వేసుకునేవాణ్ని మనం ఎగతాళి చేస్తామా? డైసల్ఫిరామ్ సంగతి మాత్రం ప్రత్యేకంగా చెబుతున్నా. అది వేసుకుని తాగితే వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం, అన్నీ వస్తాయి. కొంతమంది ఇళ్లల్లో మనిషికి తెలియకుండా భోజనంలో కలిపి పెడతారు. ప్రేమతోనే చేస్తారు, కాదనను, కానీ తెలియక ఆ మనిషి ఫుల్లుగా తాగితే ప్రాణానికే ప్రమాదం, తెలిశాక ఇంట్లో ఎవరి చేతి ముద్దా నమ్మడు. అలా చేస్తున్నామని ఎవరైనా చెబితే ఆ రోజే మాన్పించు.

నిద్ర గురించి మాకెవరూ ముందే చెప్పలేదు, నువ్వు చెప్పు. తాగుడు మానితే కంటినిండా నిద్రపడుతుందని అనుకుంటారు, కానీ మొదటి వారాల్లో నిద్రే రాదు, వస్తే పీడకలలు. ఇన్నాళ్లూ మత్తు కింద నొక్కిపెట్టినవన్నీ పైకి లేస్తాయి. తెలియనివాడు ‘తాగినప్పుడే నయం’ అనుకుని మళ్లీ అటే పోతాడు. ఒకసారి రాత్రి రెండున్నరకి నాకు ఫోనొచ్చింది, అవతల ఊపిరి తప్ప మాట లేదు. లైటు వెయ్యమన్నాను. స్విచ్చి చప్పుడు వినిపించింది. పాదాలు రెండూ నేలకి ఆనించి, కంటికి కనిపించేవి ఐదు చెప్పమన్నాను. ‘బీరువా’ అన్నాడు. చాలాసేపటికి ‘ఫ్యాను’. తర్వాత ‘చెప్పులు, ఒకటే ఉంది’. రెండోది ఎక్కడుందో వెతకమన్నాను. మంచం కిందకి వంగి వెతికాడు, దొరికింది, అప్పుడు నవ్వాడు. ఏం కల వచ్చిందో నేనడగలేదు, ఈనాటికీ నాకు తెలీదు.

అయితే ఆ ఫోన్లన్నీ నువ్వొక్కడివే ఎత్తకు. నలుగురు రాత్రులు పంచుకోండి. ఆడవాళ్ల ఫోన్లు ఆడవాళ్లే ఎత్తడం మేలు. గది తాళాలు ఇద్దరి దగ్గరుండాలి. అప్పులివ్వకు, ఎంత జాలేసినా సరే. ఇచ్చిన రోజునుంచి అతను గదికి రావడానికి సిగ్గుపడతాడు, నీ డబ్బూ పోతుంది, మనిషీ పోతాడు. నాకు మూడుసార్లయితే గానీ బుద్ధి రాలేదు. అక్కడ విన్నది బయట అనకూడదని ప్రతివారం మొదట్లోనే చెప్పు, ప్రాణానికి ముప్పున్నా, పిల్లలకి హాని జరుగుతున్నా మాత్రం దాచనని కూడా అప్పుడే చెప్పెయ్, తర్వాత చెబితే మోసం చేసినట్టవుతుంది. ఎవరైనా ‘ఇంకెందుకులే ఈ బతుకు’ అన్న ధోరణిలో మాట్లాడితే ‘చచ్చిపోదామనిపిస్తోందా’ అని సూటిగా అడిగెయ్. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడతారు గానీ అలా జరగదు. అవునంటే పక్కనే ఉండు, మాత్రలూ పురుగుమందులూ అందకుండా తీయించు, ఆస్పత్రికి తీసుకెళ్లు.

ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ), అదే తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే సంఘం, ఎలా పుట్టిందో తెలుసా? 1935లో న్యూయార్క్ నుంచి ఒక షేర్ల వ్యాపారి పనిమీద ఓహాయోలోని ఆక్రన్ వెళ్లాడు. మానేసి కొన్ని నెలలే. పని చెడింది, హోటల్లో ఒంటరిగా ఉన్నాడు, పక్కనే బార్. అప్పుడతను చేసింది ఫోన్లు చెయ్యడం. తనలాంటి తాగుబోతు ఇంకొకడు దొరికితే మాట్లాడతానని, వాణ్ని ఉద్ధరించడానికి కాదు, తను తాగకుండా ఉండటానికి. దొరికింది ఒక సర్జన్, గంటల తరబడి మాట్లాడుకున్నారు. బిల్, డాక్టర్ బాబ్ అన్న పేర్లతో తర్వాత ప్రపంచానికి తెలిసింది వాళ్లిద్దరే. నాకు ఇందులో నచ్చేది ఆ తర్వాతి ముక్క. ఆ సర్జన్ అంత మాట్లాడాక కూడా కొన్ని వారాలకే ఒక వైద్యుల సమావేశానికి వెళ్లి మళ్లీ పీకల్దాకా తాగొచ్చాడు. జూన్ 10న ఆపాడు, ఆ తేదీనే వాళ్లు సంఘం పుట్టినరోజుగా లెక్కేస్తారు. పుట్టుకలోనే ఒక జారుడు ఉందన్నమాట.

కాబట్టి జారినవాడు గుమ్మంలో నిలబడితే ఆ మొహం చూసి నువ్వు మొహం మార్చుకోకు. ‘ఎందుకు తాగావు’ అనేది ప్రశ్న కాదు, తిట్టే. ‘ఆ రోజు పొద్దున్నుంచీ ఏమేం జరిగింది’ అని అడుగు, ఆకలిగా ఉన్నాడా, కోపమా, ఒంటరితనమా, నిద్రలేదా అని కలిసి వెనక్కి చూడండి. కొన్నిచోట్ల రోజులు లెక్కపెట్టి వందోరోజు చప్పట్లు కొడతారు, కొందరికి అది బలమే. నాకు మాత్రం నచ్చదు, ఎందుకంటే చప్పట్లు కొట్టించుకున్నవాడు జారితే సున్నాకొచ్చానని సిగ్గుతో ఇక రానే రాడు. మేం జారి తిరిగొచ్చినవాడి చేతికే ఆ వారం కుర్చీల పని అప్పజెబుతాం. ముందుగా రావాలి, చివర్లో వెళ్లాలి, ఆ రెండు గంటలూ గడిచిపోతాయి. పని పెట్టకుండా జాలి పెడితే మనిషి నిలవడు.

ఇలాంటి గుంపులు నిజంగా పనిచేస్తాయా అని మీ డాక్టర్ ఫ్రెండు ఎగాదిగా చూశాడన్నావు కదా, 2020లో కాక్రేన్ వాళ్లు (వైద్య పరిశోధనల్ని కలిపి బేరీజు వేసే సంస్థ) 27 అధ్యయనాలు కలిపి చూశారని చెప్పు. ఏఏ గుంపుల్లోకి మనిషిని పద్ధతిగా చేర్చే చికిత్సలు, పూర్తిగా మానేసి ఉండటం విషయంలో, మిగతా పేరున్న చికిత్సలకి తీసిపోలేదు, కొంత మెరుగ్గానే ఉన్నాయి. అలాగని ఆ డాక్టరుతో పోట్లాట పెట్టుకోకు, అతని ఫోన్ నంబరు నీకు అవసరం.

ఇంట్లోవాళ్లకి వేరే రోజు, వేరే గది. వాళ్ల కోసమే 1951లో ఆల్-అనాన్ అని విడిగా పెట్టుకోవాల్సి వచ్చిందంటే ఊరికే కాదు. భర్త జేబులు వెతికి వెతికి అలసిపోయిన మనిషి అదే భర్త ముందు ఏం మాట్లాడుతుంది? మా ఆవిడ నా మీద కోపం మొదటిసారి అలాంటి గదిలోనే చెప్పుకుందట, నాకు నాలుగేళ్ల తర్వాత తెలిసింది. చెప్పుకోవాల్సినంత కోపమే అది.

మొదటివారం ఎవరూ రాకపోవచ్చు. మాకు రాలేదు, రెండోవారమూ రాలేదు, మూడోవారం ఒకాయన వచ్చి మీటింగ్ ఇక్కడేనా అనడిగి వెళ్లిపోయాడు. గంట పూర్తయ్యేదాకా లైటు తియ్యకు, ఫోను చూస్తూ కూర్చోకు, పుస్తకం తెచ్చుకో. నాలుగోవారానికి నేను వస్తాను. మోకాలు సతాయిస్తోంది, మెత్తటి సోఫాలో కూర్చుంటే లేవలేను, కాస్త ఎత్తు కుర్చీ ఒకటి చూసి పెట్టు. తలుపు దగ్గరిది కాదు.

మీ బాబాయి