కొడుకు సినిమా రైటర్ అవుతానంటే చెరువు డబ్బులు ఇవ్వాలా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. అబ్బాయి బీటెక్ మూడో సంవత్సరం. చదువు ఆపేసి హైదరాబాద్‌లో ఏడాది స్క్రీన్‌ప్లే కోర్సు చేస్తానంటున్నాడు. ఫీజు నాలుగు లక్షలు, చెరువు మీద వచ్చిన డబ్బులోంచే కట్టాలి. కోర్సు మంచిదా, డైరెక్టర్ దగ్గరో రైటర్ దగ్గరో అసిస్టెంట్‌గా చేరడం మంచిదా?

జవాబు: మీరడిగింది కోర్సు గురించే గానీ, మీ భయం వేరు. హైదరాబాద్‌లో సినిమా ఛాన్సుల కోసం వచ్చినవాళ్లుండే కృష్ణానగర్ గదుల్లో వయసంతా పోగొట్టుకుని ఉత్త చేతుల్తో నరసాపురం ఎక్స్‌ప్రెస్ దిగుతాడేమోనని. అంత బెంగ అక్కర్లేదు. ముందు డిగ్రీ పూర్తి చేయనివ్వండి. రాజోలు వైపు నుంచి వెళ్లిన డైరెక్టర్ సుకుమార్ కాకినాడలో లెక్కలు చెప్పాకే సినిమాల్లోకి వచ్చారు. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ స్క్రీన్‌ప్లే కోర్సుకైనా డిగ్రీ అడుగుతారు.

ఇంతకీ వాడు రాసింది ఒక్క పేజీ అయినా చదివారా? చెరువు లీజుకి తీసుకునేముందు మట్టి, నీళ్లు పరీక్ష చేయిస్తారు కదండీ! చదవకుండా వద్దనడమూ తప్పే, చదవకుండా నాలుగు లక్షలు కట్టడమూ తప్పే.

ఈ ప్రైవేటు కోర్సుల మీద నాకు అనుమానాలున్నాయి. సర్టిఫికెట్ చూసి కథ వినే నిర్మాత ఉండడు. అక్కడ డబ్బు పెట్టదగ్గది ఒక్కటే: తప్పులు పట్టి తిరగరాయించే మనిషి. క్లాసులో ఎంతమంది, ఒక్కొక్కరి స్క్రిప్టు ఎన్నిసార్లు చదువుతారు, ఎవరు చదువుతారు అని అడగండి. జవాబుగా గోడ మీది సెలబ్రిటీ ఫొటోలు చూపిస్తే లేచి వచ్చేయండి.

ఈలోగా ఇంట్లోనే చేయాల్సిన పని బోలెడుంది. బాగా తెలిసిన సినిమాని ఆపుకుంటూ చూసి వన్ లైన్ ఆర్డర్, అంటే సీనుకో లైను చొప్పున వరస, రాయమనండి: ఎక్కడ, ఎవరు, సీను అయ్యేసరికి ఏం మారింది. ఏమీ మారకపోతే ఆ సీను ఎందుకుందో పక్కన రాయాలి. అలా పది సినిమాలయ్యాక పది పేజీల షార్ట్ ఫిల్మ్. పేజీకి తెర మీద సుమారు ఒక నిమిషం. కొత్తవాళ్లు చాలామంది డైలాగులతో మొదలుపెట్టి ఇంటర్వెల్ దగ్గర ఆగిపోతారు. హీరో అడ్డంకి అక్కడికే తీరిపోతుంది, సెకండాఫ్‌లో అతనికి పనుండదు. అందుకే క్లైమాక్స్ ముందు తేల్చుకుని వెనక్కి రావాలి.

డిగ్రీ అయ్యాక అసిస్టెంట్‌గా చేరితే సిట్టింగ్స్‌లో, అంటే కథాచర్చల్లో, కథ ఎలా మారుతుందో దగ్గరుండి చూస్తాడు. జీతం మాత్రం నెలనెలా వస్తుందనుకోకండి. ఏడాది అద్దె, తిండి ఖర్చు మీరు పెట్టుకోగలిగితే, నా లెక్కలో ఫీజు కంటే అదే మేలు.

ఇక వ్యాపారం. ఐడియాకి కాపీరైట్ లేదు, రాసిన తీరుకే ఉంటుందని సుప్రీంకోర్టు 1978లోనే చెప్పింది. కాబట్టి నిర్మాతకో డైరెక్టర్‌కో నోటితో కథ చెప్పే (నెరేషన్ ఇచ్చే) ముందే స్క్రిప్టు పూర్తిగా రాసుకోవాలి. కాపీరైట్ ఆఫీసులో రచన నమోదుకి ఫీజు 500 రూపాయలే. నెరేషన్ అయిన రోజే సారాంశం మెయిల్ చేస్తే తేదీతో సాక్ష్యం మిగులుతుంది. డబ్బు ఏ దశలో ఎంత, టైటిల్ కార్డులో పేరు ఎలా పడుతుంది అనేవి రెండూ అగ్రిమెంట్‌లో ఉండాలి. సంతకం, అడ్వాన్సు రెండూ అయ్యేదాకా బౌండ్ స్క్రిప్టు (డైలాగులతో సహా పూర్తిగా రాసిన స్క్రిప్టు) ఎవరి చేతికీ ఇవ్వొద్దని వాడికి ఇప్పుడే చెప్పండి.