అప్పు తెచ్చి 1799 నాటి సెంట్ నాణెం కొనొచ్చా?

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటున్నాం. హెచ్‌1బీ మీద పనిచేస్తున్నాను, జీతం ఏడాదికి 1,45,000 డాలర్లు. నా భార్యది హెచ్‌4, ఉద్యోగం లేదు. బాబుకు మూడేళ్లు. ఇంటి ఖర్చు నెలకు 5,400. సేవింగ్స్‌లో 7,000 ఉన్నాయి. అమెరికా తొలినాటి రాగి సెంట్లు సేకరించడం మొదలుపెట్టాను. ఆన్‌లైన్ వేలంలో ఈమధ్యే రెండు కొన్నాను, ఆ 3,800 ఇంకా క్రెడిట్ కార్డు మీదే ఉంది. ఇప్పుడు ఒక వేలంలో 1799 సెంట్ వచ్చింది. గ్రేడింగ్ (నిపుణుల సంస్థ నాణేన్ని పరిశీలించి నాణ్యతకు అంకె ఇవ్వడం) చేయించినది కాదు. 10,000 దాకా పాడాలనుకుంటున్నాను. 401కె (ఆఫీసు రిటైర్మెంట్ ఖాతా) నుంచి 12,000 లోన్ తీసుకుంటే వడ్డీ నాకే వస్తుంది కదా! తీసుకోవచ్చా? నాణెం అసలుదో కాదో ఫొటోలు చూసి ఎలా చెప్పాలి?

జవాబు: పాట వేయకండి. లోన్‌కి దరఖాస్తు పెట్టి ఉంటే ఈరోజే వెనక్కి తీసుకోండి.

రాగి సెంట్ల మీద మీకున్న ఇష్టాన్ని నేను తప్పుపట్టడం లేదు. కానీ ‘వడ్డీ నాకే వస్తుంది కదా’ అనే మాట మనవాళ్ల నోట పదే పదే వింటున్నాను. ఒకరు ఇంటి డౌన్‌పేమెంట్‌కి అంటారు, ఒకరు ఊళ్లో స్థలానికి అంటారు, మీరు నాణేనికి అంటున్నారు. వడ్డీ ఎవరికి వెళ్లినా అది అప్పే. చాలా ప్లాన్లలో మీ ఉద్యోగం ఉన్నంతకాలమే దానికి వాయిదాలు. ఉద్యోగం పోతే, ఆ ఏడాది ట్యాక్స్ రిటర్న్ గడువులోగా మిగిలిన బాకీని సర్దాలి. సర్దకపోతే ఆ మొత్తాన్ని మీరు ఖర్చుకు తీసేసుకున్నట్టే లెక్కిస్తారు. మీకు 22 శాతం పన్ను, 59½ ఏళ్లు నిండలేదు కాబట్టి మరో 10 శాతం పెనాల్టీ. 12,000 మీద 3,840 డాలర్లు. జీతం ఆగిన ఏడాది పన్ను లెక్కలోనే ఈ బిల్లు పడుతుంది.

హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోయాక చేతిలో ఉండేది గరిష్ఠంగా 60 రోజులు. ఆలోగా కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా స్టేటస్ మార్చుకోవాలి, లేదా దేశం వదలాలి. అప్పుడు అద్దె ఒప్పందం మధ్యలో తెంచుకోవాల్సి రావచ్చు, కారు తెగనమ్మాల్సి రావచ్చు, ముగ్గురికీ టికెట్లు కొనాలి. కంపెనీ ఇన్సూరెన్స్‌ను కోబ్రా చట్టం కింద కొనసాగించాలంటే ఇప్పటిదాకా కంపెనీ కట్టిన వాటా కూడా మీరే కట్టాలి, దానిపైన 2 శాతం అదనం. మీ సేవింగ్స్ 7,000లోంచి కార్డు బాకీ తీసేస్తే మిగిలేది 3,200. మీ ఇంట్లో అది మూడు వారాలు కూడా రాదు. ముగ్గురు ఒక్క జీతం మీద, ఒక్క వీసా మీద బతుకుతున్నప్పుడు ఆరు నెలల ఖర్చు, అంటే 32,400, కనీసం. నన్నడిగితే తొమ్మిది నెలలు ఉండాలంటాను. ఆ నిధి పూర్తయ్యేదాకా వేలం సైట్లలో సేవ్ చేసిన కార్డు తీసేయండి.

ఇక నాణెం సంగతి. మీరు 1799నే ఎంచుకోవడం నన్ను మరీ భయపెట్టింది. ‘పెద్ద సెంట్లు’ అనే ఈ పాత పెద్ద సైజు రాగి నాణేలు 1793 నుంచి 1857 వరకు వచ్చాయి, వాటిలో మోసగాళ్లు బాగా వాడుకున్న సంవత్సరాల్లో ఇదొకటి. ఫిలడెల్ఫియా టంకశాల లెక్కల్లో 1799లో ముద్రించిన సెంట్లు 9,04,585. అయితే వాటిలో చాలావరకు 1798 సంవత్సరపు అచ్చులతోనే కొట్టారని పరిశోధకుల అభిప్రాయం. అందుకే 1798 సెంట్ తేలిగ్గా దొరుకుతుంది, 1799 దొరకదు. చివరి 8లో కింద ఎడమవైపు కాస్త చెక్కితే 9 అవుతుంది. ఎప్పటినుంచో జరుగుతున్న పని ఇది. లోహం అసలుదే, వయసు అసలుదే, బరువూ సరిపోతుంది. అబద్ధం ఆ ఒక్క అంకెలోనే ఉంటుంది.

కాబట్టి అంకెను చూస్తూ కూర్చోకండి. ఆ రోజుల్లో అచ్చుల్లో అక్షరాలను, అంకెలను ఒక్కొక్కటిగా చేత్తో దిగ్గొట్టేవారు, ఏ రెండు అచ్చులూ సరిగ్గా ఒకేలా ఉండవు. ఆ తేడాలను బట్టే నాణేల పరిశోధకుడు విలియం షెల్డన్ ఈ సెంట్లకు నంబర్లు ఇచ్చాడు. 1799కి ఆయన ఇచ్చినవి 188, 189. మొదటిది టంకశాలలోనే 8 మీద 9 కొట్టిన అచ్చు. బొమ్మ వైపు ‘లిబర్టీ’ అనే మాటలోని అక్షరాలు స్త్రీ బొమ్మ జుట్టుకు ఎక్కడ దగ్గరగా వచ్చాయి, బొరుసు వైపు ఆకుల కొసలు ఏ అక్షరం కింద ఆగాయి, ఇవన్నీ ఆ రెండు రకాల ఫొటోలతో పోల్చి చూడండి. పోలికలు 1798 నాటి అచ్చుతో కలిస్తే అది 1798 సెంటే, తేదీ ఏం చెప్పినా సరే. ఇలాగే అరుదైన 1804 సెంట్‌కైతే ఇంకా సులువైన గుర్తుంది. దాన్ని ఒకే జత అచ్చులతో కొట్టారు. తేదీలోని సున్నా, వెనకవైపు ‘ఆఫ్’ అనే మాటలోని ‘ఓ’ అక్షరానికి సరిగ్గా ఎదురుగా ఉండాలి. లేకపోతే వదిలేయండి.

రెండో ప్రమాదం ఉపరితలం. రాగి చెంబును చింతపండుతో తోమినట్టు తోమేసిన నాణేలు వేలాల్లో చాలా వస్తాయి. ఫొటోలో గులాబీ ఛాయతో మెరుస్తాయి, కొనేవాడికి అది అందంగా కనిపిస్తుంది. పెద్ద గ్రేడింగ్ సంస్థలు అలాంటిదానికి అంకె గ్రేడ్ ఇవ్వవు, ‘డీటెయిల్స్’ అని రాసి పంపుతాయి, ధర పడిపోతుంది. చిలుము తిన్న గుంటలను పూడ్చి మళ్లీ రంగు వేసినవీ ఉన్నాయి. ఇవి చాలక ఈమధ్య కొత్త నకిలీలు వస్తున్నాయి. దెబ్బలు తిన్న ఒక అసలు నాణెం నుంచి అచ్చు తీసి కొడుతున్నారు. అదే గీత, అదే సొట్ట, అదే చోట, వేర్వేరు అమ్మకందార్ల దగ్గర కనిపిస్తుంది. పాత వేలాల ఫొటోల్లో ఆ మచ్చల కోసం వెతకాలి. ఇంత పని ఉన్నచోట, గ్రేడింగ్ లేని నాణేనికి పది వేలు పాడేవాడికి సొంత డబ్బే ఉండాలి, అది మొత్తం పోయినా ఇల్లు నడవాలి. మీకు ఆ రెండూ లేవు.

‘పెట్టుబడి’ అనుకుంటే లెక్క కూడా చూడండి. 10,000కు పాట మీ పేరన ఖాయమైతే, కొనుగోలుదారు రుసుము 20 శాతం అనుకుంటే మీ జేబులోంచి పోయేది 12,000. అమ్మేటప్పుడు వేలం సంస్థ 10 శాతం పట్టుకుంటే, మీ డబ్బు మీకు రావాలంటేనే పాట 13,300 దాటాలి. అంటే ధర మూడో వంతు పెరగాలి. లాభం వచ్చినా షేర్లకుండే 15 శాతం పన్ను రేటు దీనికి వర్తించదు, సేకరణ వస్తువుల కింద 28 శాతం వరకు పడొచ్చు. ఐఆర్‌ఏలో (సొంత రిటైర్మెంట్ ఖాతాలో) పెడదామనుకుంటారేమో, కుదరదు.

ఇంట్లో దాచే నాణేలకు మామూలు ఇంటి పాలసీలో రక్షణ చాలా తక్కువ, చాలా పాలసీల్లో నగదు, నాణేలు అన్నీ కలిపి 200 డాలర్లే. బ్యాంకు లాకర్‌లోని వస్తువులకు డిపాజిట్ బీమా ఉండదు. విడిగా పాలసీ తీసుకోవాలి. దానికంటే ముందు మీ పేరన సొంత టర్మ్ జీవిత బీమా పాలసీ ఉందా? కంపెనీ ఇచ్చిందైతే ఉద్యోగంతోపాటే పోతుంది.

పర్సనల్ లోన్, కార్డు మీద నగదు తీసుకోవడం గురించి నేను చర్చించను. రెండూ వద్దు. సరదా నిలుపుకోవాలంటే, కార్డు బాకీ తీరాక నెలకు వంద డాలర్లు పక్కన పెట్టి, 1840ల, 1850ల నాటి సెంట్లు గ్రేడింగ్ చేసినవి కొనండి. ‘ఎర్లీ అమెరికన్ కాపర్స్’ అనే క్లబ్ 1967 నుంచి ఉంది, అందులో చేరండి. అక్కడి సభ్యులు గ్రేడింగ్ సంస్థలకంటే కఠినంగా చూస్తారు. నాణెం పట్టుకుని చూడటం వాళ్ల దగ్గర నేర్చుకోండి.

ఇక ఇప్పటికే కొన్న ఆ రెండు సెంట్లు. ఈ రాత్రే వాటిని చిన్న డిజిటల్ తూకం మీద పెట్టండి. 1796 నుంచి వచ్చిన పెద్ద సెంట్ బరువు 10.89 గ్రాములు, 1793, 1794 నాటివైతే 13.48. బాగా అరిగినది కాస్త తగ్గుతుంది, కానీ గ్రాముల కొద్దీ తేడా ఉండకూడదు. తేడా ఉంటే వేలం సైటు వాపసు గడువు చూసుకుని, రేపు పొద్దున్నే అమ్మినవారికి రాతపూర్వకంగా ఫిర్యాదు పంపండి. తిరిగొచ్చే ప్రతి డాలరూ కార్డు బాకీకే కట్టండి.