ఎగిరే చిన్న పిట్టలు ఫోటోలో షార్ప్‌గా రావాలంటే

150-600 లెన్స్‌తో గ్రీన్ బీ ఈటర్లు (తేనెటీగల్ని, పురుగుల్ని తినే చిన్న ఆకుపచ్చ పిట్టలు) కొమ్మ మీద ఉన్నంతసేపు బాగానే వస్తున్నాయి, ఎగరగానే బ్లర్ అవుతున్నాయి, ఏ సెట్టింగ్ మార్చాలి అని అడిగారు. సెట్టింగ్స్ చెప్తాను. కానీ ముందు మానుకోవాల్సింది పిట్ట వెంట లెన్స్ తిప్పడం. లెన్స్ జూమ్ 600 దగ్గర, ఎపర్చర్ ఎఫ్ 6.3లో, 10 మీటర్ల దూరాన ఫోకస్‌లో ఉండే మందం బెత్తెడే. గాల్లో మెలికలు తిరిగే పిట్ట ఆ బెత్తెడులో ఎంతసేపు ఉంటుంది?

బీ ఈటర్‌కి మనకు పనికొచ్చే అలవాటొకటి ఉంది. పురుగును పట్టాక చాలాసార్లు బయల్దేరిన కొమ్మకే తిరిగొస్తుంది. తెచ్చిన తేనెటీగను ఆ కొమ్మకేసి బాది, ముల్లు వదిలించి మింగుతుంది. అందుకే హైదరాబాద్ శివారులోని అమీన్‌పూర్ చెరువు దగ్గర నేను ముందు కెమెరా దించేసి, ఏ కొమ్మకు వస్తోందో, గాలి ఎటు వీస్తోందో చూస్తాను. పిట్టలు ఎక్కువగా గాలికి ఎదురుగానే లేస్తాయి, ఎదురుగానే వాలతాయి. గాలీ ఎండా రెండూ మన వీపు వైపు ఉంటే, వాలే ముందు రెక్కలు విప్పి ముఖం మనకే చూపిస్తుంది. కెమెరా వెనక ఉండే ఫోకస్ బటన్‌తో కొమ్మ మీద ఫోకస్ పెట్టి, ఫోకస్ అక్కడే ఆగేలా ఆ బటన్ వదిలేసి, పిట్ట దగ్గరికి రాగానే బర్స్ట్ (వరసగా ఫోటోలు తీయడం) నొక్కండి. 600 బదులు 400 పెట్టుకుంటే రెక్కలు ఫ్రేమ్ అంచున తెగవు.

షటర్ స్పీడ్ 1/3200 సెకను, ఆటో ఐఎస్ఓ (వెలుతురును బట్టి సెన్సర్ సున్నితత్వాన్ని కెమెరాయే మార్చుకుంటుంది). ఐఎస్ఓ 3200 వరకు వెళ్ళినా భయపడకండి. నాయిస్ (ఫోటోలో కనిపించే గరుకు చుక్కలు) తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిపోయిన కన్నును ఎవరూ బాగుచేయలేరు. లెన్స్ మీద ఫోకస్ లిమిటర్ (ఏ దూరాల మధ్య ఫోకస్ వెతకాలో చెప్పే స్విచ్) ఉంటే దూరం వైపుకి మార్చండి, అడ్డొచ్చే గడ్డిని పట్టుకోవడం తగ్గుతుంది.

ఎండాకాలంలో ఇవి మట్టిగట్లలో బొరియలు తవ్వి పిల్లల్ని పెంచుతాయి. మనిషి చూస్తుంటే బొరియలోకి వెళ్ళడానికి జంకుతాయి. ముక్కున పురుగుతో అలాగే కూర్చుందంటే, దయచేసి అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోండి, లోపల పిల్లలు ఎదురుచూస్తుంటాయి.

ఇంకోటి, ఎండ ముదిరాక నేల మీది వేడిగాలికే దూరపు ఫోటోలన్నీ మెత్తగా వస్తాయి. అప్పుడు లెన్స్ పాడైందేమో అనుకుని సర్వీస్ సెంటర్‌కి పరిగెత్తకండి. మర్నాడు పొద్దున్నే అదే కొమ్మను మళ్ళీ తీసి పోల్చి చూడండి.