షెవెల్‌కి బ్రేకు సామాను ఎక్కడ కొనాలంటే

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. మిషిగన్‌లో ఇంకా చలి వదల్లేదు, మీ డాలస్ వైపు అప్పుడే ఎండలు మొదలై ఉంటాయి.

1968 షెవెల్ మాలిబు, అదే షెవర్లే వాళ్ల పాత కారు, కొన్నావని మీ అమ్మ చెప్పింది. ఆవిడ లెక్కలో అది డబ్బులు పోసి తెచ్చుకున్న తుప్పు. నువ్వు పంపిన ఫోటోలు చూస్తే నాకు మాత్రం బాడీ బాగానే ఉందనిపించింది. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే ఉన్నాయి, ముందువి డిస్కులకు మార్చాలి, నమ్మకమైన షాపుల పేర్లు చెప్పమన్నావు. చెబుతాను. కానీ పేర్లతో సగం పనే అవుతుంది. ఒకే షాపు ఒకే డబ్బాలో మంచి క్యాలిపర్‌తో (ప్యాడ్లను డిస్కుకి నొక్కే భాగం) పాటు నాసిరకం వాల్వు పెట్టి పంపగలదు. ఇన్నేళ్లు డెట్రాయిట్ చుట్టుపక్కల విడిభాగాల కంపెనీల్లో పనిచేసి, శనాదివారాలు పాత బండ్ల కింద పడుకుని నాకు కుదిరిన నమ్మకం ఇది: నీ కార్డు నంబరు కంటే ముందు నీ బండి గురించి అడిగేవాడి దగ్గర కొను. కొలత తీసుకోకుండా జాకెట్టు కుట్టే టైలర్ దగ్గరికి మీ అత్తయ్య రెండోసారి వెళ్తుందా?

ఫోన్ చేసి "68 షెవెల్‌కి డిస్క్ బ్రేక్ కిట్ కావాలి" అన్నావనుకో. పని తెలిసినవాడు వెంటనే ధర చెప్పడు. చక్రాలు 14 అంగుళాలవా, 15వా అని అడుగుతాడు. ఆ కిట్లలో సాధారణంగా వచ్చే 11 అంగుళాల డిస్కు, దాని క్యాలిపర్, డ్రమ్ముల కోసం చేసిన పాత 14 అంగుళాల రిమ్ముల్లో చాలావాటికి తగులుతాయి. ఇంజన్‌లో క్యామ్ (వాల్వులు తెరిచే కడ్డీ) మార్చారా, ఐడిల్‌లో, అంటే బండి నిలిపి ఇంజన్ నడుస్తున్నప్పుడు, వాక్యూమ్ ఎంత వస్తోంది అని అడుగుతాడు. పవర్ బ్రేకుల్లో కాలికి సాయం చేసే బూస్టర్ ఆ వాక్యూమ్‌తోనే నడుస్తుంది, దానికి 18 అంగుళాల (పాదరసం కొలత) దగ్గర ఉంటే హాయి. ముందు ఓనర్ ఎవరో సరదాకి పెద్ద క్యామ్ వేయించి ఉంటే అది పదికో పన్నెండుకో దిగిపోతుంది. అప్పుడు పవర్ బ్రేకులన్న పేరే గానీ పెడల్ మీద నిలబడి తొక్కాల్సి వస్తుంది. అలాంటి బండికి బూస్టర్ అంటగట్టకుండా, మాన్యువల్‌గా ఉంచుకోమనో, వాక్యూమ్ పంపు పెట్టుకోమనో చెప్పేవాడు మంచి వ్యాపారి.

మాస్టర్ సిలిండర్, అంటే పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకు నెట్టేది, దాని దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మాన్యువల్ బ్రేకులదాంట్లో పిస్టన్ వెనక గుంట లోతుగా ఉంటుంది, పవర్ బ్రేకులదాంట్లో పైపైన ఉంటుంది. లోతులేని గుంటలో మాన్యువల్ పుష్‌రాడ్ (పెడల్ నుంచి వచ్చే కడ్డీ) పెడితే ఎప్పుడో ఒకప్పుడు అది జారి ఊడిపోతుంది, పెడల్ నేలకు తగులుతుంది. బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) కూడా అడుగు. ఈ బండ్లలో పవర్‌కి ఎక్కువగా అంగుళం మీద ఎనిమిదోవంతు (1-1/8), మాన్యువల్‌కి సరిగ్గా అంగుళం వాడతారు. బోర్ చిన్నదైతే కాలికి బరువు తగ్గుతుంది, పెడల్ ఎక్కువ దూరం దిగుతుంది.

నువ్వు కూడా వాళ్లని ఒక ప్రశ్న అడుగు: "ముందు చక్రాల అవుట్‌లెట్‌లో రెసిడ్యువల్ వాల్వు ఉందా?" డ్రమ్ముల మాస్టర్‌లో ఆ చిన్న వాల్వు లైన్లో పది పీఎస్ఐ వరకు ఒత్తిడి నిలిపి ఉంచుతుంది, వీల్ సిలిండర్‌లోని రబ్బరు కప్పులు ముడుచుకోకుండా. అదే డిస్కులకు తగిలిస్తే ప్యాడ్లు వదలకుండా రాసుకుంటూనే ఉంటాయి, నాలుగు మైళ్లు పోయేసరికి రిమ్ము కాలుతుంది. ఈ ప్రశ్నకు ఫోన్లో ఉన్న మనిషి వెంటనే జవాబు చెప్పినా, "ఆగండి, టెక్నీషియన్‌ని పిలుస్తా" అన్నా సంతోషమే. "అన్నిటికీ సరిపోతుందండీ" అంటే ఫోన్ పెట్టెయ్.

వాళ్లకి చెప్పాలంటే ముందు నీకు తెలియాలి కదా. పాత బండి మీద పేపర్లలో ఉన్న ఏడాది ఒకటి, కింద ఉన్న సామాను ఏడాది ఇంకొకటి కావచ్చు. జీఎంలో, అంటే షెవర్లే మాతృసంస్థ జనరల్ మోటార్స్‌లో, 64 నుంచి 72 దాకా షెవెల్ కుటుంబానికీ, 67-69 కమారోకూ స్పిండిళ్లు (ముందు చక్రం తిరిగే ఇరుసు ముక్కలు) ఒకదానికొకటి సరిపోతాయి, కాబట్టి మధ్యలో ఎవరు ఏది మార్చారో ఎవరికి తెలుసు? ఒక వైపు డ్రమ్ము విప్పి చూడు. విప్పేటప్పుడు లోపలి దుమ్ముని గాలితో ఊదకు. ఆ కాలం లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడిచెయ్. పోతపోసిన నంబర్లు ఏవి కనిపించినా ఫోటో తీసుకో.

ఇంకో చిక్కు. జీఎం 67, 68లో ఇచ్చిన ముందు డిస్కులు నాలుగు పిస్టన్ల క్యాలిపర్లవి. 69 నుంచి ఒకే పిస్టన్‌ది వచ్చింది. కాబట్టి "68ది ఒరిజినల్" అని అడిగితే అరుదైనదీ, ఖరీదైనదీ, రిపేరు కష్టమైనదీ చూపిస్తారు. నువ్వు షో కోసం కాదు, ఆదివారం పిల్లల్ని ఎక్కించుకుని తిరగడం కోసం చేయిస్తున్నావు. 69-72 రకం ఒక పిస్టన్ క్యాలిపర్ అడుగు. దానికి పడే డీ52 నంబరు ప్యాడ్లు నీ వీధి చివర విడిభాగాల షాపు ఆటోజోన్‌లోనో ఒరైలీలోనో దొరుకుతాయి.

కిట్ అమ్మేవాడి నిజాయితీ తేలేది ఇక్కడే. "ఈ డబ్బాలో ఉన్న క్యాలిపర్, డిస్క్, బేరింగ్, గొట్టం, ఒక్కోటీ ఏ బండికి పడే పార్టు? విడిగా కొనాలంటే ఏ నంబరు అడగాలి?" అను. మంచివాడు జాబితా ఈమెయిల్ చేస్తాడు. దాచేవాడు దాస్తాడు, ఎందుకంటే అయిదేళ్ల తర్వాత గొట్టం పగిలితే నువ్వు మళ్లీ అతని దగ్గరికే రావాలి, అప్పటికి అతను దుకాణం ఎత్తేసి ఉండవచ్చు. బేరింగులు ఏ కంపెనీవి, ఏ దేశంలో పోతపోశారు అన్నదీ అడుగు. చైనా పోత అంతా చెత్త అని నేననను, నేను చూసినవాటిలో మంచివీ ఉన్నాయి. ఎక్కడిదో చెప్పడానికి నసిగేవాడితోనే నాకు పేచీ.

ఇక పేర్లు. అరిగిపోయే మామూలు సామాను, అంటే ప్యాడ్లు, వీల్ సిలిండర్లు, వెనక షూలు, స్ప్రింగుల కిట్టు, విస్కాన్సిన్‌లోని రాక్ ఆటోలో తీసుకోవచ్చు. అక్కడ అదే పార్టుకి నాలుగైదు బ్రాండ్లు పక్కపక్కనే చూపిస్తారు. ఫోన్లో సలహా మాత్రం ఆశించకు, అది వాళ్ల వ్యాపారం కాదు. షెవెల్‌కి ప్రత్యేకమైనవి కావాలంటే కాలిఫోర్నియాలోని ఒరిజినల్ పార్ట్స్ గ్రూప్, ఫ్లోరిడా నుంచి నడిచే నేషనల్ పార్ట్స్ డిపో పాత కాపులు. ఒహాయోలోని సమిట్ రేసింగ్‌లో దాదాపు అందరి సరుకూ ఉంటుంది. ఒక మాట గుర్తుపెట్టుకో, కేటలాగులు వేరైనా తయారీదారు తరచు ఒకరే. రెండు చోట్ల ఫోటో ఒకేలా ఉండి ధర తేడాగా ఉంటే, వాపసు ఎవరు సులువుగా తీసుకుంటారో వాళ్లదే కొను.

స్టీలు లైన్లకు మా మిషిగన్ వాళ్లే, ఇన్‌లైన్ ట్యూబ్. ఫ్యాక్టరీ వంపులతో వంచి పంపుతారు. చూడ్డానికి బాగుంటుందని స్టెయిన్‌లెస్ వైపు వెళ్లకు. ఆ లోహం గట్టిది, ఫ్లేర్ (గొట్టం విప్పారిన చివర) దగ్గర కారకుండా కూర్చోబెట్టడానికి చేతులు పడిపోతాయి. మామూలు స్టీలు చాలు, తుప్పు భయం ఉంటే నికెల్-కాపర్ మిశ్రమం. ఉత్త రాగి గొట్టం ఎవరైనా ఇస్తానంటే వద్దు, బ్రేకు ఒత్తిడికి, అదురుకి అది ఆగదు.

పాత సామాను బాగుచేయించడం వేరే విద్య. గుంటలు పడ్డ సిలిండర్ బోరుని ఇత్తడి స్లీవ్ వేసి ఇచ్చేవాళ్లు ఉన్నారు. వర్జీనియాలో వైట్ పోస్ట్ రిస్టోరేషన్స్ ఆ పనికి పేరున్న చోటు. నీ బండి అసలు మాస్టర్ సిలిండర్ పనికిరాదనిపించినా కోర్ డిపాజిట్ (పాత పార్టు తిరిగిస్తే షాపు వెనక్కిచ్చే డబ్బు) కోసం ఇచ్చెయ్యకు. కొద్ది డాలర్లు వెనక్కొస్తాయి గానీ దాని మీదున్న నంబరు మళ్లీ రాదు. డిపాజిట్ వదులుకో, పాతది నూనె రాసి అటకెక్కించు. రేపు బండి అమ్మేటప్పుడు కొనేవాడు మొదట అడిగేది అదే.

సరుకు ఇంటికొచ్చాక డబ్బా మీద బ్రాండ్ చూసి మురిసిపోకు. పేరున్న డబ్బాల్లో నకిలీలు తిరుగుతున్నాయి. రబ్బరు గొట్టం మీద డాట్ (DOT, అమెరికా రవాణా శాఖ) అన్న ముద్ర, చేసినవాడి గుర్తు, తయారైన నెల, సంవత్సరం ఉండాలి. అమెరికా చట్టం అది. ముద్ర లేని గొట్టం తిప్పి పంపెయ్. షూ, ప్యాడ్ల అంచున ఒక కోడ్ ఉంటుంది, దాని చివర రెండు అక్షరాలు చల్లగా ఉన్నప్పుడూ వేడిగా ఉన్నప్పుడూ పట్టు ఎంతో చెబుతాయి. ఎఫ్ఎఫ్ వీధి బండికి బాగుంటుంది, ఈఈ ఉంటే ఇంత బరువు బండికి నేనైతే తీసుకోను. క్యాలిపర్లు బిగించే ముందు బ్లీడర్ స్క్రూ పైకి ఉందా అని చూడు. కుడిది ఎడమకు బిగిస్తే అది కిందికి వస్తుంది, ఎన్ని సీసాల బ్రేక్ ఆయిల్ పోసినా గాలి పోదు. అప్పుడు జనం అమ్మినవాడిని తిడతారు, పాపం.

బ్రేక్ ఆయిల్ డాట్ 3 రకం గానీ డాట్ 4 రకం గానీ పొయ్యి. డాట్ 5 సిలికాన్, పెయింటుని తినదని షో బండ్ల వాళ్లు ఇష్టపడతారు, కానీ పాత డాట్ 3 మిగిలిన సిస్టంలో కలిపితే ఇబ్బందే.

కొనే వేళ కూడా చూసుకోవాలి. నువ్వు పెయింటు, ఇంజను, సీట్లు అంటూ రెండేళ్లు తీసుకుంటావు, నాకు తెలుసు. బ్రేకులు ఇప్పుడే డిస్కౌంటులో కొని గరాజ్‌లో పెడితే, బండి రోడ్డెక్కే సరికి వారంటీ అయిపోయి ఉంటుంది, రబ్బరు డబ్బాలోనే ముసలిదైపోతుంది. "ఎన్నడూ వాడని పాత స్టాకు" అని అమ్మే గొట్టాలూ, కప్పులూ ఇదే కారణంతో వద్దు. అదే పాత స్టాకులో డ్రమ్ములు, బ్యాకింగ్ ప్లేట్ల లాంటి ఇనుము దొరికితే కళ్లకద్దుకుని తీసుకో, ఆ పోత ఇప్పటి వాటికంటే మేలు. చాలా డ్రమ్ముల మీద గరిష్ట వ్యాసం పోసి ఉంటుంది. షాపువాడితో కొలత పనిముట్టు పెట్టించి కొలిచి మరీ డబ్బులివ్వు. ఆన్‌లైన్‌లో ముక్కూముఖం తెలియనివాడికి జెల్ (Zelle) లాంటివాటిలో డబ్బు పంపకు, క్రెడిట్ కార్డు తీసుకోని చోట బ్రేకు సామాను కొనకు.

ఏప్రిల్ చివర్లో మీ ఫోర్ట్‌వర్త్ దగ్గర టెక్సాస్ మోటార్ స్పీడ్‌వేలో పేట్ స్వాప్ మీట్ (పాత బండ్ల సామాను సంత) జరుగుతుంది. వెనక డ్రమ్ములు అక్కడ వెతుకుదాం, నాకు టికెట్టు దొరికితే నేనూ వస్తాను. ఈలోగా స్పిండిల్ ఫోటోలు, రిమ్ము లోపలి వైపు ఫోటో, ఐడిల్‌లో వాక్యూమ్ రీడింగు పంపించు. అవి చూశాకే ఏ కిట్టో చెబుతాను, అప్పటిదాకా ఏదీ ఆర్డర్ పెట్టకు.

ఇట్లు,
మీ మావయ్య