ఇనుప చప్పుళ్ల ఆల్బమ్ చేస్తున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన నాలుగు ట్రాకులనూ మూడు రాత్రులు హెడ్‌ఫోన్లు పెట్టుకొని విన్నాను. ఇంగ్లండ్‌లో ఉక్కుకు పేరుపొందిన షెఫీల్డ్‌లో చదువుకుంటూ, యంత్రాల మోతలనే సంగీతంగా మలిచే నీ ఇండస్ట్రియల్ ఆల్బమ్‌కు కావలసిన లోహపు చప్పుళ్లన్నింటినీ కొన్న శాంపిల్ ప్యాకుల (ముందే రికార్డు చేసి అమ్మే శబ్దాల కట్టల) నుంచే తీసుకున్నావని తెలిసి బాధ కలిగింది. ఎందరో వాడేసిన ఆ సుత్తిదెబ్బకు ఊరూ లేదు, గదీ లేదు.

ఈ సంగీతానికి ఇండస్ట్రియల్ అనే పేరు 1976లో లండన్‌లో త్రాబింగ్ గ్రిజిల్ బృందం పెట్టిన ఇండస్ట్రియల్ రికార్డ్స్ అనే రికార్డుల సంస్థ నుంచి వచ్చింది. అంతకు మూడేళ్ల ముందే నువ్వున్న ఊళ్లో క్యాబరే వోల్టేర్ బృందం టేపులతో ప్రయోగాలు మొదలుపెట్టింది. 1980లో బెర్లిన్‌లో పుట్టిన ఐన్‌స్టుర్జెండె నాయ్‌బౌటెన్ వారు తుక్కు ఇనుమునూ డ్రిల్లింగ్ యంత్రాలనూ వాద్యాలుగా చేసుకున్నారు. వారందరూ తమకు అందుబాటులో ఉన్న వస్తువులనే మోగించారు. నువ్వూ అక్కడి నుంచే మొదలుపెట్టాలని నా కోరిక.

ప్రకంపనను విద్యుత్ సంకేతంగా మార్చే పైజో బిళ్లతో చేసిన కాంటాక్ట్ మైకు చవకగా దొరుకుతుంది. గాలిలోని ధ్వనిని కాక లోహంలోని ప్రకంపనను పట్టుకునే ఆ మైకును నీ గదిలోని రేడియేటర్ గొట్టానికో, వంతెన కమ్మీకో అంటించి చూడు. దాన్ని నేరుగా మామూలు మైకు ఇన్‌పుట్‌కు కలిపితే మంద్రధ్వనులు పోయి పలచటి రేకుమోత మిగులుతుంది కనుక, సంకేతాన్ని పెంచే తగిన ప్రీయాంప్‌నో, గిటారు కోసం ఇచ్చే ఇన్‌పుట్‌నో వాడు. 24 బిట్ల నాణ్యతలో, అతి పెద్ద దెబ్బ కూడా రికార్డరు మీటరుపై (అక్కడ సున్నాయే గరిష్ఠం) మైనస్ 12 డెసిబెళ్లు దాటకుండా రికార్డు చెయ్యి. ఎంతో బతిమాలి ఒక కర్మాగారంలోకి అనుమతి సంపాదించిన నేను, లెవెల్ ఎక్కువగా పెట్టి, ఒక రోజు రికార్డింగు మొత్తం ధ్వని పగిలి పాడైపోతే ఇంటికొచ్చి గాని గుర్తించలేదు. ఆ దిగులు ఇప్పటికీ తీరలేదు. పట్టుకున్న చప్పుడును సగం వేగంతో నడిపితే అది ఒక స్థాయి (ఆక్టేవ్) కిందికి దిగి రెండింతలు సాగుతుంది. మామూలు తలుపు గడియ కూడా అప్పుడు ఒళ్లు జలదరించేలా పలుకుతుంది.

ఇక ధ్వనిని కావాలని చెరిపి గరుకుగా చేసే డిస్టార్షన్ సంగతి. రెండో ట్రాకులో డ్రమ్ములకూ, మంద్రధ్వని పలికే బేస్‌కూ, గొంతుకూ, చివరికి అన్నీ కలిపిన మొత్తం మిక్స్‌కూ దాన్ని వేశావు. అది ధ్వనిలోని హెచ్చుతగ్గులను నలిపి చదును చేస్తుంది. అన్నీ ఒకే ఎత్తున అరుస్తూ ఉంటే వినేవాడి భయం మూడో నిమిషానికే అలవాటుగా మారిపోతుంది. బేస్‌ను రెండుగా విడదీసి, సుమారు 120 హెర్ట్‌జ్‌కు దిగువ భాగాన్ని శుభ్రంగా ఉంచి, పై భాగాన్ని మాత్రమే చెరుపు. గొంతును చెరిపినప్పుడు మొదట నలిగేవి హల్లులే కనుక, చెరపని గొంతును కొద్దిగా కింద కలిపి ఉంచు. నాలుగో ట్రాకులో తెలుగులో గుసగుసగా చదివిన ఆ ఎనిమిది పంక్తులు నాకు అన్నింటికంటే చీకటిగా అనిపించాయి, ఎందుకంటే వాటి వెనుక దాదాపు ఏమీ లేదు. అటువంటి ఖాళీని మిగతా మూడింటిలోనూ వెతుకు.

చెవుల విషయంలో మాత్రం నా మాట కాదనవద్దు. 85 డెసిబెళ్ల మోత దగ్గర రోజుకు 8 గంటలు హద్దు అనుకుంటే, ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ సమయం సగమవుతుంది. 94 దగ్గర మిగిలేది ఒక్క గంటే. తక్కువ ధ్వనిలో మిక్స్ చెయ్యి, యంత్రాల దగ్గరికి వెళ్తే ఇయర్‌ప్లగ్గులు పెట్టుకో.

వచ్చే నెల నాకు కొత్త మిక్స్ పంపవద్దు. ఆ రేడియేటర్ గొట్టాన్ని రాత్రిపూట, ఏ ఎఫెక్టూ వేయకుండా, పది నిమిషాలు రికార్డు చేసి పంపు.

ఆశీస్సులతో,
మీ మామయ్య