ఫైబర్ క్యాబిన్‌కు బండ్ల పుట్టీ పెట్టొచ్చా? అద్దం అంచున పగుళ్లెందుకు?

తమ్మీ, కాజీపేటలో సొంతంగా కట్టుకుంటున్న విమానం క్యాబిన్‌కు ఆటోనగర్‌లో దొరికే పుట్టీ పెట్టొచ్చా, అద్దం చుట్టూ పగుళ్లు ఎందుకొస్తున్నాయి అని అడిగినవ్ కదా. నేను వరంగల్‌లో బస్సులకు, లారీ క్యాబిన్లకు ఫైబర్ పని చేసినవాణ్ని. తర్వాత టెక్సాస్‌లో మా బావ ఆర్‌వీ-10 అనే కిట్ విమానం కట్టుకుంటుంటే దాని క్యాబిన్ కవర్ పనిలో మొదటి నుంచీ ఉన్నాను.

ఆ పుట్టీ వద్దు. అది పాలియెస్టర్, బరువెక్కువ, ఎపాక్సీ (హార్డనర్ కలిపితే గట్టిపడే రెజిన్) మీద పట్టు నమ్మలేం. ఎపాక్సీలోనే మైక్రోబెలూన్లు, అంటే లోపల బోలుగా ఉండే సన్నటి గుండ్ల పొడి, కలుపుకో, గరిటె ఎత్తితే జారకుండా నిలబడేంత చిక్కగా. తేలిగ్గా ఉంటుంది, రుద్దడమూ సులువు. తలుపు బందుల దగ్గర, బలం కావాల్సిన చోట మాత్రం అది పనికిరాదు, అక్కడ పత్తి పీచు కలిపిన ఎపాక్సీ పెట్టాలి.

మన మేస్త్రీల పనితనానికి వంక పెట్టలేం, కానీ పాలియెస్టర్‌ను గట్టిపరిచే క్యాటలిస్ట్ చుక్కలు ఎండను బట్టి తగ్గించే అలవాటు ఇక్కడ అస్సలు పనికిరాదు. ఎపాక్సీకి హార్డనర్ డబ్బా మీద ఎంత రాసుంటే అంతే, తూకం వేసి కలపాలి, తగ్గిస్తే ఎన్నాళ్లున్నా పూర్తిగా గట్టిపడదు. మే నెలలో తొందరగా బిగుసుకుంటోందంటే స్లో హార్డనర్ తెచ్చుకో, కలిపింది గ్లాసులో ఉంచకుండా వెడల్పు పళ్లెంలో పలచగా పోసుకో. గ్లాసులో ఉంచితే దాని వేడికి అదే పొగలు కక్కుతుంది.

ఇక పగుళ్లు. మీటరు పొడవు యాక్రిలిక్ అద్దం 30 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 2 మిల్లీమీటర్లు సాగుతుంది, ఫైబర్ అందులో మూడో వంతు కూడా సాగదు. రేకుల షెడ్డులో పగటికీ రాత్రికీ ఉండే తేడాకు ఆ లాగుడంతా అతుకు మీది పుట్టీ మీదే పడుతుంది. కాబట్టి పగిలిన పుట్టీ గీకేసి, రెండు వైపులా 80 నంబరు ఎమరీతో గరుకు చేసి, అతుకు మీదుగా పలచటి గాజు గుడ్డ పట్టీ వేసి, దానిపైన పుట్టీ వీలైనంత పలచగా పెట్టు. ఎంత చేసినా వెంట్రుకంత గీత ఎప్పుడో రావచ్చు, ఆ టెన్షన్ పెట్టుకోకు.

రుద్దాక సూదిమొనంత రంధ్రాలు కనిపిస్తాయి, ప్రైమర్‌తో అవి పూడవు. ఏమీ కలపని ఎపాక్సీని పాత ఏటీఎం కార్డుతో గట్టిగా ఒత్తి లాగు, అదీ పొద్దు వాలాకే. చల్లబడే కొద్దీ రంధ్రంలో గాలి ముడుచుకుని రెజిన్‌ను లోపలికి పీల్చుకుంటుంది, పొద్దున పూస్తే అదే గాలి వేడికి ఉబ్బి బుడగలు లేపుతుంది. వానాకాలంలో పైన జిడ్డు పొర కడితే ముందు నీళ్లు, స్క్రబ్బర్‌తో కడిగి, ఆరాకే ఎమరీ పట్టు. మాస్కు లేకుండా మాత్రం రుద్దకు, ఆ దుమ్ము గాజు.

రంగు తెలుపే వెయ్యి. మామూలు గది వేడిలో గట్టిపడిన ఎపాక్సీ 60 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది, మన మే ఎండలో ముదురు రంగు కప్పు అంతకన్నా ఎక్కువే కాలుతుంది. అమెరికా విమాన డిజైనర్ బర్ట్ రూటన్ ఫైబర్ విమానాలు లాంగ్-ఈజీలు తెల్లగా ఉండేదీ ఇందుకే.

నీ రెజిన్, హార్డనర్ డబ్బాల మీది పేర్లు రాయి, కొలత చూసి చెప్తా.